మధ్యలో ఎవరూ లేని బేరం

రైతు బజార్లు పుట్టి పాతికేళ్లు దాటింది. పండించినవాడికి నాలుగు రూపాయలు ఎక్కువ, వండుకునేవాడికి నాలుగు రూపాయలు తక్కువ అన్న మాట మీద అవి నిలబడ్డాయి. ఆ మాట ఎక్కడ నిలిచింది? ఎక్కడ జారుతోంది? నిలబెట్టుకోవడానికి ఎవరేం చేయాలి?

టమాటాకు మనం ఇచ్చే ప్రతి రూపాయిలో రైతుకు దక్కేది దాదాపు 33 పైసలు. ఉల్లికైతే 36, బంగాళాదుంపకైతే 37. కూరగాయల ధరల తీరు మీద రిజర్వు బ్యాంకు 2024 అక్టోబరులో వెలువరించిన పరిశోధన పత్రం కట్టిన లెక్క ఇది. నారు పోసి, నాటు వేసి, నీళ్లు కట్టి, కలుపు తీసి, వానకూ ఎండకూ చీడకూ భయపడుతూ గడిపిన మనిషికి మూడో వంతు. మిగిలిన రెండు వంతులు చేను గట్టుకూ మన వంటింటికీ మధ్య దారిలోనే ఖర్చయిపోతాయి.

ఆ దారిలో ఏముంది? ఊళ్లో బండికెక్కించినందుకు కిరాయి. మండీలో దించినందుకు హమాలీ. అమ్మిపెట్టినందుకు కమీషన్. తూకం దగ్గర తరుగు. అక్కడి నుంచి టోకు వ్యాపారి, ఆ తర్వాత చిల్లర వ్యాపారి. ఈ చేతులు మారే క్రమంలో నలిగినవి, వాడినవి, కుళ్లినవి పోగా మిగిలినవాటి మీదే ఆ నష్టమంతా వేసి అమ్మాలి. ఈ దారిలో ఉన్న ప్రతి ఒక్కరినీ దోపిడీదారు అనడం అన్యాయం. మూట మోసే హమాలీదీ కష్టమే. ఎండలో బండి తోసుకుంటూ వీధి వీధి తిరిగే మనిషిదీ కష్టమే. కానీ ఒక సంగతి మాత్రం కాదనలేం. మండీలో రైతు తన సరుకుకు ధర చెప్పడు, చెప్పింది వింటాడు. దుకాణంలో మనమూ ధర చెప్పం, చెప్పింది వింటాం. పండించేవాడూ తినేవాడూ ఇద్దరూ వినేవాళ్లే. చెప్పేవాళ్లు మధ్యలో ఉన్నారు.

ఈ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి బేరం చేయించడం కోసం తెలుగునాట పుట్టిన ఏర్పాటే రైతు బజారు.

1999 జనవరి 26

ఆ గణతంత్ర దినోత్సవం నాడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు మొదలయ్యాయి. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు. ఆలోచన పూర్తిగా కొత్తదేం కాదు. పంజాబ్, హర్యానా రైతులు 1987 నుంచే ‘అప్నీ మండీ’ పేరుతో పట్టణాలకు వచ్చి నేరుగా అమ్ముకుంటున్నారు. మన దగ్గర మొదలైన ఏడాదే, నవంబరు 14న, మదురైలో తమిళనాడు తొలి ‘ఉళవర్ సందై’ తెరుచుకుంది. అంతకు ముందు మాత్రం మనకేం తక్కువ? వారానికోసారి ఊరి బయట మర్రిచెట్టు కింద జరిగే సంతలో, తెల్లారగానే గంప నెత్తిన పెట్టుకుని వీధిలోకి వచ్చే ఆడమనిషి కేకలో ఉన్నది ఈ నేరు బేరమే. పట్టణాలు పెరిగి, ఊరికీ వీధికీ మధ్య దూరం పెరిగి, ఆ గంప మండీకి మళ్లింది. రైతు బజారు దాన్ని మళ్లీ పట్టణం నడిబొడ్డుకు తెచ్చింది.

తర్వాత ప్రభుత్వాలు మారాయి. పార్టీలు మారాయి. 2014 జూన్ 2న రాష్ట్రమే రెండయింది. ఒక ప్రభుత్వం తెచ్చిన పథకాన్ని మరో ప్రభుత్వం పేరు మార్చడమో మూలన పడేయడమో మనకు బాగా అలవాటైన సంగతి. రైతు బజారు జోలికి మాత్రం ఎవరూ వెళ్లలేదు. హైదరాబాద్‌లో మెహిదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, సరూర్‌నగర్, విశాఖలో సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, కంచరపాలెం, విజయవాడలో పటమట, కర్నూలులో సి.క్యాంపు... ఈ పేర్లు చెబితే చిరునామా చెప్పినట్టే. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే ఇవాళ వందకు పైగా రైతు బజార్లు ఉన్నాయి. మూసేస్తే అడిగే జనం ఉన్నారు కాబట్టే అవి నిలిచాయి. ఏ పథకానికైనా ఇంతకు మించిన రక్షణ లేదు.

బోర్డు మీద రాసిన ధర

రైతు బజారుకు గుండెకాయ గేటు దగ్గర కనిపించే ధరల బోర్డు. ఏ కూరగాయ కిలో ఎంతో రోజూ పొద్దున్నే దాని మీద రాస్తారు. మైకులో చెబుతారు. చాలా జిల్లాల్లో మర్నాడు పేపర్లోనూ వస్తుంది. ఆ ధర గాలిలోంచి పుట్టదు. టోకు మార్కెట్లో ఆ రోజు పలికిన రేటు తెప్పించుకుని, బజారును చూసుకునే ఎస్టేట్ ఆఫీసరు రైతులతో మాట్లాడి ఖాయం చేస్తారు. మొదటి నుంచీ అనుకున్న సూత్రం ఒకటే. టోకు ధర కంటే పాతిక శాతం ఎక్కువ, బయటి చిల్లర ధర కంటే పాతిక శాతం తక్కువ ఉండాలి.

లెక్క వేసి చూద్దాం. వంకాయ టోకున కిలో 20 రూపాయలు, బయట చిల్లరగా 35 రూపాయలు ఉందనుకోండి. సూత్రం ప్రకారం బజారులో 25, 26 రూపాయలు పలకాలి. వంద కిలోలు తెచ్చిన రైతుకు మండీలో 2,000 వస్తే, అందులోంచి కమీషనూ హమాలీ పోవాలి. బజారులో 2,500 వస్తే, కమీషను లేదు, మార్కెట్ రుసుము లేదు, కూర్చున్న చోటుకు అద్దె లేదు. డబ్బు ఆ రోజే చేతికొస్తుంది. చీటీ రాసిచ్చి వారం తర్వాత రమ్మనేవాడు లేడు. అప్పిచ్చినవాడికే సరుకు అమ్మాలన్న కట్టడి లేదు. కొన్నవాళ్లకు కిలోకు తొమ్మిదో పదో రూపాయలు మిగులుతాయి. నలుగురున్న ఇంట్లో వారానికి పది కిలోల కూరగాయలంటే నెల తిరిగేసరికి అదేం చిన్న మొత్తం కాదు.

ఈ బోర్డు మేలు గోడ దాటి బయటకూ వెళ్తుంది. చుట్టుపక్కల కాలనీల్లో తోపుడు బండి దగ్గర బేరం “రైతు బజారులో ఎంతుందో తెలుసా?” అన్న మాటతోనే మొదలవుతుంది. ఎప్పుడూ బజారు మెట్లెక్కని మనిషికి కూడా ఆ బోర్డు కాపలా కాస్తోంది. నలుగురి కళ్ల ముందు, రోజూ, ఒకే చోట ధర రాసి పెట్టడమన్న చిన్న పనికి ఉన్న బలం ఇది.

కార్డు, కాటా, బస్సు

బజారులో అమ్మాలంటే రైతు గుర్తింపు కార్డు ఉండాలి. ఊళ్లో ఎవరికి ఎంత భూమి ఉంది, అందులో ఏ కూరగాయ వేశారు అని రెవెన్యూ, ఉద్యాన శాఖల సిబ్బంది చూసి ఫొటోతో కార్డు ఇస్తారు. దుకాణం ఎవరికీ శాశ్వతం కాదు. ముందొచ్చినవాళ్లకు ముందు చోటు. కాటా బజారు వాళ్లే ఇస్తారు, సాయంత్రం తిరిగి అప్పగించాలి. రాళ్లు మార్చడం, తూకం కొట్టడం అన్న మాటకు అక్కడ తావుండకూడదని ఆ ఏర్పాటు. రైతులు మూటలతో సహా ఎక్కడానికి ఊళ్ల నుంచి ఆర్టీసీ బస్సులు నడిపింది.

చుట్టుపక్కల ఊళ్లలో పండనివీ మనకు కావాలి. బంగాళాదుంప ఉత్తరాది నుంచి రావాలి. ఉల్లి కర్నూలు నుంచో మహారాష్ట్ర నుంచో రావాలి. అలాంటివాటిని అమ్మడానికి డ్వాక్రా మహిళా సంఘాలకు, దివ్యాంగులకు విడిగా దుకాణాలు ఇచ్చారు. పప్పులు, నూనె, బియ్యం లాంటివీ అక్కడే దొరికేలా చేశారు. సంచి నింపుకోవడానికి మరో చోటికి పోనవసరం లేకపోతేనే జనం మళ్లీ మళ్లీ వస్తారని ఆ రోజుల్లోనే గ్రహించారు.

వీటిలో ఏ ఒక్కటి తీసేసినా మిగతావి కుంటుతాయి. బస్సు ఆగిపోతే రైతు ఆటో కిరాయికే లాభమంతా పెట్టాలి. కాటా తప్పితే కొనేవాడు రాడు. కార్డు తప్పితే అసలు రైతు బజారే ఉండదు.

ఎకరంలో తొమ్మిది పంటలు

రైతు బజారు అందరు రైతులకూ ఒకేలా పనికిరాదు. ఈ మాట ముందే ఒప్పుకోవాలి. లారీల కొద్దీ టమాటా పండించే మదనపల్లె రైతుకు ఇది మార్గం కాదు. ఆయన సరుకు చెన్నై, బెంగళూరు దాటి ఉత్తరాది దాకా వెళ్లాలి. ఆయనకు కావలసింది నిజాయతీగా నడిచే పెద్ద మార్కెట్టు, శుద్ధి పరిశ్రమ, ధర పడిపోయినప్పుడు నిలబడే ప్రభుత్వం.

రైతు బజారు చిన్న కమతానిది. పట్టణానికి ముప్పై నలభై కిలోమీటర్ల లోపు, అరెకరమో ఎకరమో ఉన్న కుటుంబానిది. హైదరాబాద్‌కు చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి, ఇబ్రహీంపట్నం. విశాఖకు ఆనందపురం, పద్మనాభం, భీమిలి, సబ్బవరం ఇలాంటి ఊళ్లు. మండీకి పంపే రైతు ఒకే పంట ఎక్కువగా వేస్తాడు, లారీ నిండాలి కాబట్టి. బజారుకు వచ్చే రైతుకు రోజూ రెండు మూడు రకాలైనా గంపలో ఉండాలి. అందుకే ఆ ఎకరంలో ఒక మూల బెండ, ఒక మూల వంగ, గట్టు మీద గోరుచిక్కుడు, పందిరి మీద బీర, కాకర, దొండ, మడుల్లో తోటకూర, పాలకూర, గోంగూర. తోటకూర నెల లోపే కోతకొస్తుంది. పది రోజులకో మడి చొప్పున చల్లుకుంటే కోత ఆగదు, రోజూ చేతిలో డబ్బు ఆడుతుంది. ఒక పంటకు తెగులు వచ్చినా మరొకటి ఆదుకుంటుంది. ఏ వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పినా వినని మాటను బజారు తన పద్ధతిలో చెప్పి ఒప్పించింది.

కొనేవాళ్ల నోటి మాట కూడా పంట వేస్తుంది. “పొన్నగంటి కూర తెస్తారా అమ్మా?” అని నలుగురు అడిగితే వచ్చే నెలలో పొన్నగంటి కట్టలు కనిపిస్తాయి. లేత బెండ అడిగితే కోత ఒక రోజు ముందుకు జరుగుతుంది. “ఇదెలా వండాలి?” అని పట్నం పిల్ల అడిగితే గంగవాయిలి కూర పప్పులో ఎంత వేయాలో దుకాణంలోని పెద్దావిడ చెబుతుంది. మండీకి వెళ్లిన సరుకు ఎవరు తిన్నారో రైతుకు ఎప్పటికీ తెలియదు. ఇక్కడ తెలుస్తుంది. ఎవరు తింటున్నారో తెలిసిన రైతు నిన్న మందు కొట్టిన మడిని ఇవాళ కోయడానికి వెనకాడతాడని నేను గట్టిగా నమ్ముతాను. ప్రకృతి సాగు చేసేవాళ్లకు ఈ ముఖాముఖి మరింత అవసరం. మందు వేయని కాయను చూసి గుర్తుపట్టలేం, పండించిన మనిషిని చూసి నమ్మాలి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ద్వారా సాగుతున్న ప్రకృతి వ్యవసాయంలోని పంటకు కొన్ని రైతు బజార్లలో విడిగా చోటు దక్కడం అందుకే మంచి కబురు.

ఇంకొకటి. ఈ దుకాణాల్లో ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో కనిపిస్తారు. నాట్లూ కలుపులూ కోతలూ వాళ్లవే అయినా, మండీ దాకా వెళ్లి డబ్బు తెచ్చేది ఎక్కువగా మగవాళ్లే. బజారులో తూచేదీ, లెక్క చూసేదీ, నోట్లు కొంగున కట్టుకునేదీ ఆమే. పిల్లల ఫీజు ఎప్పుడు కట్టాలో, విత్తనం ఎంత కొనాలో చెప్పే హక్కు ఆ డబ్బుతో పాటే ఆమె చేతికి వస్తుంది.

ధర మండినప్పుడు, ధర కూలినప్పుడు

2019 చివర్లో ఉల్లి కిలో వంద రూపాయలు దాటింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొని తెచ్చి రైతు బజార్లలో 25 రూపాయలకు అమ్మింది. 2023 జులైలో టమాటా మండిపోతుంటే అక్కడే 50 రూపాయలకు ఇచ్చింది. 2024 జులైలో కందిపప్పు, బియ్యం తక్కువ ధరకు అమ్మే కౌంటర్లు అక్కడే పెట్టింది. 2020లో కరోనా నాడు బజార్లను మైదానాలకు, బడుల ఆవరణలకు విడగొట్టి, సున్నంతో గడులు గీసి నడిపారు. ఊరంతా తలుపులు మూసుకున్న ఆ రోజుల్లో కూడా పొలం నుంచి కూరగాయ రావడం ఆగలేదు.

కష్టకాలంలో జనాన్ని చేరుకోవడానికి సిద్ధంగా ఒక చోటు ఉండటం ఎంత అవసరమో ఇవన్నీ చెబుతాయి. కానీ ధర పెరిగితే ఉలిక్కిపడే ప్రభుత్వాలు ధర కూలినప్పుడు అంతే వేగంగా కదలాలి. రైతు రోడ్డు మీద టమాటా పారబోసి కన్నీళ్లు పెట్టుకున్న దృశ్యం మన పేపర్లలో దాదాపు ఏటా అచ్చవుతూనే ఉంది. 2025లో కర్నూలు ఉల్లి ధర పడిపోయినప్పుడు ప్రభుత్వం క్వింటాలు 1,200 రూపాయలకు కొని రైతు బజార్లకు కూడా పంపింది. సరైన దిశలో వేసిన అడుగు అది. అది ఒక్క ఏడాది ముచ్చట కాకూడదు. పడిపోయిన ధరకు అడ్డుకట్ట వేయడం బజార్ల రోజువారీ పనిలో భాగం కావాలి.

రైతు చోటులో మారుబేరగాడు

బజారుకు పట్టిన చీడ గురించి దాచకుండా మాట్లాడుకోవాలి. పొద్దున్నే మండీలో కొని, తొమ్మిదింటికి రైతు బజారులో కూర్చునే మారుబేరగాళ్లు ఉన్నారు. పేపర్ల భాషలో బినామీ రైతులు. కార్డు ఒకరిది, కూర్చునేది మరొకరు. కొన్ని చోట్ల ఆ కార్డు మీదున్న పొలంలో ఇప్పుడు కూరగాయలకు బదులు వెంచర్ల హద్దు రాళ్లున్నాయి. ఇలా జరిగిన చోట రైతు బజారు అద్దె లేని చిల్లర మార్కెట్టుగా మిగులుతుంది. ప్రజల స్థలం, ప్రజల ఖర్చు, ప్రజల నమ్మకం ఎవరి కోసం ఇచ్చామో వాళ్లే గేటు బయట ఎండలో గంప దించుకుని కూర్చుంటారు. ఇంతకు మించిన అన్యాయం ఉండదు.

ఇది కేవలం కొందరి దురాశ వల్ల జరిగేది కాదు. రైతు రాలేకపోవడం దీని మూలం. అర్ధరాత్రి కోసి, తెల్లవారుజామున బయల్దేరి, సాయంత్రం దాకా కూర్చున్న మనిషి మర్నాడు చేను పని ఎప్పుడు చేయాలి? ఇంట్లో ఇద్దరు ముగ్గురు పనివాళ్లుంటేనే రోజూ రాగలరు. మిగతావాళ్లు వారానికి రెండు రోజులొచ్చి ఆగిపోతారు. ఖాళీ అయిన చోటులోకి మారుబేరగాడు వస్తాడు. సాయంత్రానికి మిగిలిన సరుకు దాచుకోవడానికి చల్లని గది లేక రైతు అయినకాడికి అమ్మేస్తే, కొనేదీ అతనే.

కాబట్టి వైద్యం కూడా అక్కడి నుంచే మొదలవ్వాలి. పదిమంది రైతులు కలిసి వంతుల వారీగా ఒకరు వచ్చి అందరి సరుకూ అమ్మే వీలు కల్పించాలి. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు ఇది తగిన పని. కార్డును ప్రతి పంటకాలంలో పొలంలో ఉన్న పంటతో సరిచూడాలి. ఈ-పంట నమోదు ఎలాగూ ఉంది, ఏ సర్వే నంబరులో బెండ ఉందో, ఎక్కడ లేదో అందులోనే తెలుస్తుంది. కౌలు రైతును మరిచిపోకూడదు. పట్టాదారు పాసుపుస్తకం లేనివాడు తాను రైతునని రుజువు చేసుకోవడమే కష్టం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ఇచ్చిన పంట సాగుదారు హక్కు పత్రాన్ని బజారు కార్డుకు ఆధారంగా తీసుకోవాలి. దున్నేవాడికే దుకాణం దక్కాలి. బస్సులు ఆగిన ఊళ్లకు మళ్లీ వేయాలి. ప్రతి బజారులో చిన్నదైనా శీతల గది కట్టాలి. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు దాకా పెరిగింది. కొత్త కాలనీలకు అనుమతులిచ్చేటప్పుడే పార్కుకు కేటాయించినట్టు రైతు బజారుకూ స్థలం కేటాయించాలి.

ఇప్పుడు ఫోన్ నొక్కితే పది నిమిషాల్లో కూరగాయలు గుమ్మంలోకి వస్తున్నాయి. తీరిక లేనివాళ్లకు, బయటికి వెళ్లలేని పెద్దవాళ్లకు అది ఎంతో సాయం. కానీ ఆ తెర మీద మనకు కనబడే ధరలో రైతు వాటా ఎంతో చూపే బోర్డు లేదు. ఆ సౌకర్యాన్ని వాడుకుంటూనే, వారానికొకసారైనా రైతు ఎదురుగా నిలబడి కొనడం మన చేతుల్లో పని.

సంచి పట్టుకుని వెళ్లే ముందు

• ముందు బోర్డు చూడండి, తర్వాతే దుకాణాలు చూడండి. బోర్డు కంటే ఎక్కువ అడిగితే ఎస్టేట్ ఆఫీసరుకు చెప్పండి. అందుకే ఆ అధికారి అక్కడ ఉన్నారు.

• రైతు గంపలో రెండు మూడు రకాలే ఉంటాయి. అవి ఆ కాలానివే ఉంటాయి. కాయలన్నీ ఒకే అచ్చులో ఉండవు. డ్వాక్రా, దివ్యాంగుల దుకాణాలు కాకుండా, క్యారెట్, బీన్స్, క్యాప్సికం, బంగాళాదుంప అన్నీ ఒకే చోట పేర్చి ఉంటే కార్డు అడగండి.

• ఆకుకూరలు పొద్దున్నే కొనండి. కోసిన దగ్గర నుంచే వాటిలో నీరూ సి విటమినూ తగ్గుతూ వస్తాయి.

• బెండకాయ కొస విరిచి, సొరకాయకు గోరు గుచ్చి చూడకండి. విరిచిన కాయను మీ తర్వాత వచ్చినవాళ్లు కొనరు, ఆ నష్టం రైతుదే. లేతవి కావాలని అడిగితే ఏరి ఇస్తారు.

• బోర్డు మీద ధర రాశాక గీసి గీసి బేరమాడకండి. ఆ ధరలోనే మీకూ మిగులుంది.

సగం బాధ్యత మనది

రైతు బజారు గురించి మాట్లాడినప్పుడల్లా ప్రభుత్వం ఏం చేయాలన్న దగ్గరే ఆగిపోతాం. స్థలం, కార్డు, బస్సు, శీతల గది ప్రభుత్వం ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే నిలదీయాల్సిందే. కానీ బేరానికి ఇద్దరుండాలి. తెల్లవారకముందే బస్సెక్కి వచ్చిన మహిళా రైతు, కొనేవాళ్లు లేక సగం గంప తిరిగి తీసుకెళ్లిన రోజున, మర్నాడు రాకూడదని నిశ్చయించుకుంటుంది. ఆమెను నిలబెట్టేది మన రాక.

మీ ఊళ్లో రైతు బజారు ఎక్కడుందో తెలుసుకోండి. ఆ కాలంలో పండేవే కొనండి. అమ్మేవాళ్లది ఏ ఊరో, ఎంత భూమో, ఈసారి పంట ఎలా ఉందో అడగండి. నాలుగు వారాలు వెళ్తే మీకు తెలిసిన రైతు ఒకరు ఉంటారు. ఆ రైతు కార్డు మరొకరి చేతిలోకి వెళ్లిన రోజున ముందు గుర్తుపట్టేది మీరే. ఏ తనిఖీ బృందమూ మీ అంత బాగా కాపలా కాయలేదు. కాలనీ సంఘాలు, అపార్ట్‌మెంటు కమిటీలు తమ ప్రాంతానికి రైతు బజారు కావాలని వినతిపత్రం ఇవ్వాలి, ఉన్నదాన్ని నకిలీల నుంచి కాపాడమని అడగాలి. రైతు కోసం పెట్టిన బజారులో రైతే కూర్చోవాలి. కొనే మనం పట్టుబడితేనే అది జరుగుతుంది.